చారు పోయని దుకాణం

టోక్యో
1978 ఏప్రిల్ 16

బావా, శనార్థి.

చేరుకున్నానని రాసిన కార్డు నీకు అందే ఉంటుంది. అందులో రెండు ముక్కలే పట్టాయి కాబట్టి ఈసారి తీరుబడిగా రాస్తున్నాను. అక్కను పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించు. ఇన్నేళ్లకు కడుపుతో ఉన్న మనిషి, మగ్గానికి నూలు కండెలు చుట్టడం ఇక చాలించమని చెప్పు. ఆ మాట నేను చెబితే వినదు, నువ్వు చెబితే అసలే వినదు, అయినా చెప్పు.

మా మిల్లు వాళ్లు నన్ను ఏడాది పాటు పని నేర్చుకు రమ్మని పంపిన ఫ్యాక్టరీ టోక్యోకు పడమటి పక్క, ఒక చిన్న రైల్వే స్టేషన్‌కు దగ్గరగా ఉంది. పగలంతా మిషన్ల మధ్య బాగానే గడిచిపోతుంది. సాయంత్రాలే కష్టం. హాస్టల్ తిండి తియ్యగానో చప్పగానో ఉంటుంది. అక్క కట్టిచ్చిన కారప్పొడి ఎన్నాళ్లు పొదుపు చేసినా అయిపోయింది.

పోయిన శనివారం వాన పడుతుంటే గొడుగు లేక, స్టేషన్ వెనక సందులో ఒక దుకాణం చూరు కిందికి జరిగాను. గుమ్మానికి నీలం గుడ్డ పరదా వేలాడుతోంది. దాని సందుల్లోంచి ఆవిరి బయటికి వస్తోంది. ఆవిరి వెనక పసుపు దీపం. లోపలి నుంచి ఎవరో గట్టిగా కేక వేశారు. నన్నే పిలిచారనుకుని వెళ్లి కూర్చున్నాను. ఎవరు వచ్చినా అట్లాగే కేక వేస్తారని తర్వాత తెలిసింది.

ఇక్కడ ప్రతి సందులోనూ లావు సేమ్యాను ఎముకల చారులో వేసి పెద్ద గిన్నెల్లో అమ్ముతారు. నాకు ఆ వాసన పడదు. ఈ దుకాణంలో మాత్రం అసలు చారే లేదు బావా! గిన్నె అడుగున ఇంత నూనె, నల్లగా ఉప్పగా ఉండే సోయా నీళ్లు పోస్తారు. దాని మీద అప్పుడే ఉడికించి వడకట్టిన సేమ్యా. పైన ఉల్లికాడలు, లేత వెదురు ముక్కలు, గుడ్డు. మాంసం వద్దని చెయ్యి అడ్డంగా ఊపితే ముసలాయన ఆ ముక్కలు తీసి పక్కన పెట్టాడు. పుల్లటి సిర్కా సీసా, మిరప నూనె సీసా మన ముందే ఉంటాయి, ఎంత కావాలంటే అంత.

నేను తినడానికిచ్చిన రెండు పుల్లలతో పైపైన గెలుకుతుంటే ఆయన భార్య చూసి "మజెతె, మజెతె" అంటూ గాలిలో చేత్తో కలిపి చూపించింది. కలుపు అని. అడుగు నుంచి పైకి, వేడి తగ్గకముందే కలపాలట. కలిపాను. మొదటి ముద్దకే కళ్లలో నీళ్లు వచ్చాయి. మిరప నూనె ఎక్కువైందిలే, ఇంకేం లేదు.

అక్క కోసం ఒక ముద్ద పక్కకు జరిపి, కాసేపాగి అదీ తినేసిన

నీ బామ్మర్ది
సారంగపాణి


కొత్తవాడ, వరంగల్
1978 మే 9

చిరంజీవి సారంగపాణికి బావ మొగిలయ్య దీవించి రాయునది.

నీ ఉత్తరం వచ్చిన నాటి ఎండకు, రంగు అద్ది దండెం మీద వేసిన నూలు వేస్తుండగానే ఎండిపోయింది. జంపఖానా నేద్దామని గుంటలోకి దిగితే మగ్గం కూడా చెమట పట్టినట్టే ఉంది. అటువంటప్పుడు నువ్వు వాన గురించి రాశావు. ఆ ఒక్క చోటు మీ అక్క మూడుసార్లు చదివించుకుంది.

తర్వాత చారు లేదన్న దగ్గరికి వచ్చాం. చేట పక్కన పెట్టింది.

"చారు సుత పోస్తలేరా పిల్లగానికి?" అంది.

"గది గా దుకాణం తరీకనే" అన్నాను.

"ఏం తరీక? పరదేశపోడని ఉత్త సేమ్యా పెడ్తాండ్రు. పక్కోని గిన్నెల చారున్నదో లేదో చూసిండా అడుగు."

అందుకని అడుగుతున్నాను. పక్కవాడి గిన్నె చూసి రాయి. లేకపోతే నా ఇంట్లో నాకు చారు దొరికేట్టు లేదు. నీకు లేనిది మనకెందుకని నిన్న అన్నంత పనీ చేసింది.

ఇంకొక సంగతి. ఆ నూనె దేని నూనె? పక్క మగ్గం ఉప్పలయ్య, అక్కడ పాముల నూనె తీస్తారని అక్క ఎదుటే అన్నాడు. అప్పటి నుంచి "జర జల్ది రాయి, జల్ది రాయి" అని నా ప్రాణం తోడేస్తోంది. చింతపండు, ఎండు మిరపకాయలు మూట కట్టి పోస్టాఫీసుకు పంపింది. అట్లా తీసుకోరని వాళ్లు అంటే, నేను సరిగా అడగలేదని నా మీద కోపం.

ఆ పరదా నూలుదా పట్టుదా, నీలం నిలిచే రంగేనా అని కూడా అడగమంది. ఈ ప్రశ్న మాత్రం మా ఇద్దరిదీ.

దవాఖానకు తీసుకుపోయాను. అంతా మంచిగానే ఉందని డాక్టరమ్మ చెప్పింది. ఆషాఢంలో అంటున్నారు. ఏం ఫికర్ చేయకు. కండెలు చుట్టొద్దన్న నీ మాట చెప్పాను. "మరి చేతులేం చేస్తయి?" అంది. దీనికి జవాబు నీకు దొరికితే రాయి.

నీ మంచి కోరే
మొగిలయ్య


టోక్యో
1978 జూన్ 25

బావా,

నూనె సంగతి ముందు చెబుతాను, అక్క ఊపిరి పీల్చుకుంటుంది. ముసలాయన పేరు హిరానో. ఆయనను అడగడానికి నాకు భాష చాలలేదు. సీసా చూపించి, వేలితో నేల మీద పాము పాకినట్టు గీశాను. ఆయన భార్య నవ్వీ నవ్వీ కిందికి కూర్చుండిపోయింది. ఆయన మాత్రం నవ్వలేదు. లోపలికి పోయి, గుప్పిట మూసుకుని వచ్చి, నా అరచేతిలో పోశాడు. నువ్వులు! మన నువ్వులే బావా. రెండు నమిలాను. బతుకమ్మకు అక్క దంచే నువ్వుల వాసన వచ్చింది. ఇంత దూరం వచ్చాక ఆ వాసన ఇంకా ముక్కుకు గుర్తుందంటే నాకే ఆశ్చర్యమైంది.

పక్కవాడి గిన్నెలోకి కూడా తొంగిచూశాను. అతను రైల్వే మనిషి, టోపీ ఒళ్లో పెట్టుకుని తింటున్నాడు. రుచి చూడాలని ఉందేమో అనుకుని గిన్నె నా వైపు జరిపాడు. చారు లేదు అక్కా. ఎవరికీ లేదు. దీన్ని అబురా సోబా అంటారు. అబురా అంటే నూనె, సోబా అంటే ఈ సేమ్యా. చారు ఉంటే రుచి చారులో కలిసిపోతుందని, లేకపోతే మనం కలుపుకున్నంత మన దగ్గరే ఉంటుందని హిరానో గారి లెక్క. నాకు అర్థమైనంత వరకు రాశాను, ఆయన ఇంకేదో అని ఉండవచ్చు కూడా.

పరదా నూలుదే. చేతి నేతే, అంచు చూస్తే తెలిసిపోయింది. నీలం ఉతికి ఉతికి మబ్బు రంగుకు వచ్చింది. మధ్యలో తెల్లగా ఒక్క అక్షరం. నూనె అనట.

ఇప్పుడు ఇక్కడ వానల కాలం. మన వాన లాగా వచ్చి పోయేది కాదు, అట్లా పడుతూనే ఉంటుంది, చప్పుడు కూడా ఉండదు. సందులో నడుస్తుంటే దీపాలన్నీ నేల మీద తడిసి మెరుస్తుంటాయి. రోజూ అదే దారి, అయినా ఒక్కో సాయంత్రం ఆ దుకాణం నిజంగా అక్కడ ఉంటుందో ఉండదో అనిపిస్తుంది. మలుపు తిరిగాక ఆవిరి కనిపిస్తే అమ్మయ్య అనుకుంటాను.

ఈ ఉత్తరం అందేసరికి నేను మేనమామను అయి ఉంటాను. పిల్లో పిల్లగాడో, ఎవరి పోలికో, పేరేం అనుకున్నారో అన్నీ రాయి. అక్క చేతులకు ఇక పని దొరికిందని చెప్పు.

మీ
సారంగపాణి


కొత్తవాడ, వరంగల్
1978 ఆగస్టు 3

సారంగపాణికి,

ఉత్తరం ఆలస్యమైంది. పనుల వల్ల. వానలు బాగానే పడ్డాయి, మగ్గం గుంటలోకి నీళ్లు దిగాయి.

అక్క దవాఖాన నుంచి ఇంటికి వచ్చింది. మంచిగానే ఉంది.

ఆ దుకాణం సంగతి ఇంకా రాయి. నువ్వులు ఇచ్చాక ఏమైంది? ఎవరెవరు వస్తారు, ఎక్కడ కూర్చుంటారు? గిన్నె ఏ రంగు? ముసలామె ఎటు పక్క నిలబడుతుంది? కిటికీ ఉందా, ఉంటే దాంట్లోంచి ఏం కనబడుతుంది? ఏదీ వదలొద్దు. పెద్దగా రాయి, కాగితం రెండు పక్కలా రాయి. ఫ్యాక్టరీ సంగతులు తర్వాత రాసినా సరే.

మొగిలయ్య


టోక్యో
1978 ఆగస్టు 27

బావా,

ఇదేం ఉత్తరం? పిల్లో పిల్లగాడో రాయకుండా గిన్నె ఏ రంగు అని అడుగుతావా! సంతోషంలో మరిచిపోయావనుకుంటాను. లేక మగ్గం అమ్మేసి అక్కడ సేమ్యా హోటల్ పెట్టే ఆలోచనలో ఉన్నావా? పెడితే చెప్పు, వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాను. సరే, కాబోయే హోటల్ సేటు అడిగాడు కాబట్టి అంతా రాస్తాను.

గుమ్మంలో తల వంచాలి. పరదా తల మీద నుంచి జారుతుంది, తడి చెయ్యి ఎవరో నిమిరినట్టు. లోపల బల్లలు లేవు. పొడుగాటి చెక్క అరుగు ఒకటి, దాని ముందు ఎత్తు స్టూళ్లు, అంతే. అరుగుకు అవతల వాళ్లిద్దరూ. ఆయన ఎడమ పక్క గిన్నెల్లో నూనె పోస్తాడు. ఆమె కుడి పక్క గుండిగ ముందు నిలబడి సేమ్యా ఉడికిస్తుంది. ఇద్దరూ మాట్లాడుకోవడం నేను వినలేదు. ఆయన గిన్నె జరిపితే ఆమె చెయ్యి అప్పటికే అక్కడ ఉంటుంది. మగ్గం మీద నాడె అటు నుంచి ఇటు వచ్చినట్టు. గిన్నెలు తెల్లవి. అంచుకు ఎర్ర గీత ఉండేది, కడిగి కడిగి అక్కడక్కడ మాసిపోయింది.

రైల్వే మనిషి గుమ్మం దగ్గరే కూర్చుంటాడు, రైలు కూత వింటే లేచిపోవాలి కదా. బడిపంతులు ఒకాయన మధ్యలో, తింటూ పుస్తకం చదువుతాడు, నూనె మరకలు పడ్డా పట్టించుకోడు. ఎవరూ ఎవరినీ పలకరించరు. అందరూ ముందు తలలు వంచి కలుపుతారు, తర్వాత ఒకటే జుర్రుకునే చప్పుడు. అట్లా చప్పుడు చేయడం ఇక్కడ మర్యాద. చివరి స్టూలు గోడ మూలకు ఉంటుంది. అక్కడ కూర్చుంటే గోడకు ఆనుకోవచ్చు. దాని పక్కనే చిన్న కిటికీ. ఆవిరితో మసకబారి ఉంటుంది. వేలితో తుడిస్తే రైలు పట్టాలు, వాటి అవతల ఎవరిదో పెరట్లో దానిమ్మ చెట్టు. రైలు వచ్చినప్పుడు దాని దీపాలు కిటికీలోంచి దూరి, గోడ మీదుగా పాకి, గిన్నెల మీదుగా పోతాయి. అప్పుడు ఒక్క క్షణం దుకాణమే కదిలి ఎటో పోతున్నట్టు ఉంటుంది. ఎవరూ తల ఎత్తరు.

మేనమామను అయ్యానని హిరానో వాళ్లకు చెప్పాను. చేతులతో పసిబిడ్డను ఊపి చూపించాను. ఆమె చప్పట్లు కొట్టి, నా గిన్నెలో ఇంకొక గుడ్డు వేసింది. పేరేమిటని అడిగింది. బావ రాయలేదని ఏ భాషలో చెప్పను? ఈసారైనా రాయి.

సారంగపాణి


కొత్తవాడ, వరంగల్
1978 సెప్టెంబర్ 20

సారంగపాణికి దీవెనలు.

ఉత్తరం మంచిగా రాశావు. చాలా మంచిగా రాశావు. ఇట్లాగే రాయి.

పేరు ఇంకా పెట్టలేదు.

ఆ కిటికీ సంగతి చదివిన రోజు అక్క కళ్లు మూసుకుని విన్నది. రైలు దీపాలు గోడ మీదుగా పోయిన చోట, "తర్వాత?" అని అడిగింది. ఆ రోజు అయిదారు ముద్దలు తిన్నది. మళ్లీ మరునాడు అదే చదివాను. చివరి స్టూలు మీద ఎవరు కూర్చుంటారో నువ్వు రాయలేదు. ఎవరిదైనా ఉందా, ఖాళీనేనా అని అడగమంది.

సాయంత్రం దీపం పెట్టే వేళకు, "గక్కడ ఇప్పుడు చీకటైందా?" అంటుంది. మనకన్నా ముందే అక్కడ పొద్దు గూకుతుందని చెప్పాను. "అయితే దుకాణం తెరిచే ఉంటరు" అంటుంది.

తొందరగా రాయి.

మొగిలయ్య


టోక్యో
1978 అక్టోబర్ 15

బావా,

అయిదారు ముద్దలు తిన్నదని రాశావు. బాలింత అయిదారు ముద్దలు తినడం కూడా రాసే సంగతేనా? రెండు నెలలు దాటిన బిడ్డకు పేరు పెట్టకపోవడం ఏమిటి? నీ ఉత్తరాలన్నీ వరుసగా పరిచి చదివాను. బిడ్డ అన్న మాట ఒక్క చోట లేదు. ఏడ్చిందనో, నవ్విందనో, నిద్రపోనివ్వడం లేదనో ఏమీ లేదు.

నా దగ్గర ఏదో దాస్తున్నావు. లేకపోతే నా మీద ఏదో కోపం పెట్టుకుని నన్ను ఆట పట్టిస్తున్నావు. రెండోదే కావాలని కోరుకుంటున్నాను. అక్క చేత రెండు అక్షరాలైనా రాయించు.

నువ్వు అడిగిన దుకాణం పోయిన వారం మూసేశారు. హిరానో గారికి మోకాళ్లు పట్టేశాయట, నిలబడలేకపోతున్నాడు. పరదా తీసేశారు. తలుపు మీద కాగితం అంటించి ఉంది. ఇద్దరూ సముద్రం పక్కన ఉన్న కూతురి ఊరికి పోయారట. ఇక రాయడానికి అక్కడేమీ లేదు. చివరి స్టూలు మీద ఎవరూ కూర్చునేవాళ్లు కాదు.

సారంగపాణి


కొత్తవాడ, వరంగల్
1978 నవంబర్ 8

సారంగం,

కూర్చుని చదువు. దగ్గర ఎవరైనా ఉంటే వాళ్లను ఉండమను.

ఆడబిడ్డ పుట్టింది. ఒక పగలు, ఒక రాత్రి ఉన్నది. గట్టిగా ఏడవలేదు, పిల్లి కూన లాగా సన్నగా మూలిగేది. డాక్టరమ్మ చేయవలసిందంతా చేసింది. తెల్లవారేసరికి అయిపోయింది. రంగు మీ అక్కది. వేళ్లు పొడుగు.

ఇంటికి వచ్చాక మీ అక్క గోడ వైపు తిరిగి పడుకుంది. ఏడవలేదు, మాట్లాడలేదు. ముద్ద పెడితే నోట్లో అట్లాగే ఉంచుకునేది. ఇంటి పక్క చిలుకమ్మ వచ్చి ఏడిపించాలని చూసింది. వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి తలొక మాట చెప్పారు. వాళ్లు వచ్చినప్పుడల్లా ఇంకొంచెం గోడలోకి జరిగేది.

మేం దవాఖానలో ఉన్నప్పుడు వచ్చిన నీ ఉత్తరం విప్పకుండా గూట్లో ఉండిపోయింది. ఒక సాయంత్రం ఏం చేయాలో తోచక విప్పి పైకి చదివాను. నేను చదివింది నా గొంతు నాకు వినబడాలని, అంతే. ముసలాయన నీ చేతిలో నువ్వులు పోసిన దగ్గర "తర్వాత?" అని వినబడింది. ఎవరో బయటి నుంచి అడిగారనుకున్నాను. తిరిగి చూస్తే అక్క నా వైపు తిరిగి ఉంది. చదువుతూ చదువుతూ ఒక్కొక్క ముద్ద పెట్టాను. మింగింది. పేరు అడిగిన చోటు వదిలేసి చదివాను.

అప్పటి నుంచి నీ ఉత్తరమే మందు. మడతల దగ్గర చిరిగిపోతే అన్నం మెతుకులతో అంటించాను. ఒకనాడు తనంతట తానే చెప్పింది, "నేను గా చివరి స్టూలు మీద కూసుంట. గోడకు ఒరుగుత. గక్కడ నన్నెవలు ఏమడగరు. పిల్ల సంగతి అడగరు. గిన్నె పెడ్తరు, కలుపుకోమంటరు. గంతే."

నీకెందుకు రాయలేదంటే, రాస్తే నువ్వు ఏడ్చుకుంటూ ఉత్తరం రాస్తావు. అది ఆమెకు ఎట్లా చదవను? నా దగ్గర ఉన్న ఒక్క మందూ అయిపోతుంది. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు.

ఇప్పుడు మూసేశారని రాశావు. ఆ ముక్క నోట్లోనే మింగేసి, దుకాణం జనంతో నిండి ఉందని చదివాను. కాగితంలో లేనిది చదవడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. నాలుగు మాటలకే అయిపోయింది. "గింతేనా?" అని దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఏడ్చింది. నేను మగ్గం మనిషిని, ఆ దుకాణం లోపలి సంగతి నాకేం తెలుసు?

నువ్వు రాయి. లేకపోయినా ఉన్నట్టే రాయి. నీకు దండం పెడతాను.

మొగిలయ్య


టోక్యో
1978 డిసెంబర్ 3

అక్కా,

ఈ ఉత్తరం నీకు. బావ చదవొద్దు, నువ్వే చదువుకో. నాకు అక్షరాలు దిద్దించింది నువ్వేనని బావ మరిచిపోయినట్టున్నాడు. దీపం దగ్గర కూర్చుని నెమ్మదిగా చదువు, పెద్దగా రాస్తున్నాను.

బావ అంతా రాశాడు. తెలియక ప్రతి ఉత్తరంలో పేరు అడుగుతూ పోయాను. ఇంకేం రాయాలో నాకు తెలియడం లేదు.

దుకాణం మూసేశారు అక్కా. అక్టోబర్లోనే మూసేశారు. ఉన్నట్టు రాయమని బావ అడిగాడు. కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. పరదా తియ్యబోయాను, చెయ్యి ఆగిపోయింది. నిన్ను లోపలికి పంపించాక దీపం లేకపోతే? చీకట్లో ఆ స్టూలు మీద నువ్వొక్కదానివే కూర్చుని ఉంటే? అది నా వల్ల కాలేదు.

అందుకని వాళ్లను వెతుక్కుంటూ పోయాను. సందులో గొడుగుల దుకాణం వాళ్లను అడిగితే ఊరి పేరు రాసిచ్చారు. ఆదివారం రైలెక్కాను. కొంతసేపటికి సముద్రం వచ్చి రైలు పక్కనే నడిచింది. ఇంకొక పక్క కొండల మీద కమలా తోటలు. చలికాలపు ఎండ, పండ్లన్నీ చిన్న దీపాల లాగా ఉన్నాయి. రైల్లో నా ఎదురుగా ఎవరూ లేరు. ఆ ఖాళీ సీట్లో నువ్వు కొంగు కప్పుకుని కూర్చుని, కిటికీలోంచి చూస్తున్నట్టే అనిపిస్తూ వచ్చింది. అట్లా చాలా దూరం వచ్చాం.

నన్ను చూసి హిరానో గారు గుమ్మంలో దుకాణం కేకే వేశాడు, అలవాటులో. ఇల్లు చిన్నది. వంటింట్లో నేల మీద కూర్చోబెట్టారు. ఆయన కూర్చున్న చోటు నుంచే గిన్నెలో నూనె పోసి ఇచ్చాడు, ఆమె సేమ్యా ఉడికించింది. తినే ముందే వాళ్లకు చెప్పాను. నాది పసిపిల్లల భాష కదా. "అక్క. పాప. ఒక రోజు." అంతే వచ్చింది నాకు. అంతే సరిపోయింది. ఆమె పొయ్యి ఆర్పేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. సేమ్యా చల్లారి ముద్దయిపోయింది. ఎవరం ముట్టుకోలేదు.

అప్పుడు ఆమె ఒక మాట అడిగింది. మీ అక్కకు తినడానికి ఏమిటి ఇష్టం అని.

నాకు మాట అర్థమైంది. అర్థం కాలేదనుకుని ఆమె నోటి దగ్గర చెయ్యి పెట్టి మళ్లీ చూపించింది. అమ్మ పోయినప్పటి నుంచి నీ చేతి ముద్ద తిని పెరిగాను. నాకు ఏది ఇష్టమో, బావకు ఏది పడదో అన్నీ నీకు తెలుసు. మేం తిన్నాక నువ్వు గిన్నె ముందు పెట్టుకుని కూర్చోవడం రోజూ చూశాను. అడుగున మిగిలింది తినేదానివి. అది నీకు ఇష్టమో కాదో ఏనాడూ అడగలేదు.

ఆమెకు జవాబు చెబుతానని మాటిచ్చి వచ్చాను. మళ్లీ పోవాలి. రాయి అక్కా. నీకేం ఇష్టం?

సారంగం


కొత్తవాడ, వరంగల్
1978 డిసెంబర్ 28

తమ్ముడు సారంగానికి,

నీ ఉత్తరం నేనే చదువుకున్నాను. రెండు రోజులు పట్టింది. మీ బావ ఎదురుగా కూర్చుని నా ముఖమే చూశాడు, మధ్య మధ్యలో "ఏం రాసిండు, ఏం రాసిండు" అని. చెప్పలేదు. కొంచెం ఏడిపించాను.

దుకాణం మూసేసిన సంగతి నాకు ముందే తెలుసు. మీ బావ ఆ ఉత్తరం చదువుతుంటేనే తెలిసింది. జనం బాగా వచ్చారన్నాడు. ముసలాయన మంచిగా ఉన్నాడన్నాడు. అంత వరకు నమ్మాను. తర్వాత, "ముసలాయన అందరి గిన్నెలల్ల ఇంత ఇంత వేడి చారు పోసిండు" అని చదివాడు!

నేను దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. ఏడుస్తున్నానని మీ బావ భయపడ్డాడు. నవ్వు తమ్మీ. ఆపుకుందామంటే ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ ఏడుపు వచ్చింది. దవాఖాన నుంచి వచ్చాక అప్పుడే ఏడ్చాను. కడుపులోది అంతా పోయే దాకా ఏడ్చాను. మీ బావకు ఇప్పటికీ ఏం తప్పు చదివాడో తెలియదు. చెప్పకు.

పేరు అడుగుతూ పోయావని బాధపడకు. అడిగింది నువ్వొక్కడివే. ఇక్కడ అందరూ మరిచిపో అన్నారు. అది కడుపులో ఉన్నప్పుడు కండెలు చుట్టుకుంటూ దానితో మాట్లాడేదాన్ని, ఒక పేరు పెట్టి పిలిచేదాన్ని. ఆ పేరు ఎవరికీ చెప్పలేదు. నీకూ చెప్పను. నా దగ్గరే ఉండనీ.

ఇప్పుడు లేచి తిరుగుతున్నాను. మగ్గం దగ్గర కూర్చుంటున్నాను. కొన్నాళ్లు బాగుంటుంది, కొన్నాళ్లు చేతులు ఆగిపోతాయి. ఆగినప్పుడు ఆగనిస్తున్నాను.

నీ ప్రశ్నకు మొదట కోపం వచ్చింది. నాకేం ఇష్టమని అడిగితే నేనేం చెప్పేది? ఆలోచించాను. నీకు గారెలు, మీ బావకు అంబాడి కూర, అమ్మకు జొన్న గట్క, అన్నీ గుర్తుకొస్తున్నాయి, నాది మాత్రం రావడం లేదు. మీ బావను అడిగాను.

"నీకా? నీకు అన్నీ ఇష్టమే గదనే" అన్నాడు.

ఆ మాటకు ఇంకా కోపం వచ్చింది.

నిన్న కూరగాయలకని అంగడికి పోయాను. నెక్కొండ నుంచి వచ్చిన ఆమె కొత్త అనపకాయలు కుప్ప పోసుకుని కూర్చుంది. మంచు తడి ఇంకా ఆరలేదు. చూడగానే నోట్లో నీళ్లు ఊరాయి. ఎంత కాలానికి అట్లా ఊరాయో! ఇంటికి తెచ్చి ఉప్పేసి ఉడకబెట్టాను. గంప ఒళ్లో పెట్టుకుని గడప మీద ఎండలో కూర్చున్నాను. ఒక్కొక్క కాయ ఒలిచి, గింజలు నోట్లో వేసుకుని, పొట్టు పక్కన వేస్తూ కూర్చున్నాను. ఎండ వీపు మీద పడుతోంది. చిలుకమ్మ వచ్చి గోడకు ఆనుకుని చాలాసేపు మాట్లాడింది. నాలుగు పెడతానని చూసింది. పెట్టలేదు. ఆమె ఏం మాట్లాడిందో కూడా వినలేదు.

మీ బావ నూలు భుజాన వేసుకుని వచ్చాడు. వాసన చూసి, గంపలోకి వంగి చూశాడు.

"నాకేవే?" అన్నాడు.

"అయిపోయినయి" అన్నాను.

గంపను చూశాడు, పొట్టు కుప్పను చూశాడు, నన్ను చూశాడు. నూలు దించి, నా పక్కన గడప మీద కూర్చున్నాడు.

ఆ ముసలమ్మకు అనపకాయలని చెప్పు. ఆమెకు తెలియకపోతే బొమ్మ గీసి చూపించు.

అక్క
సమ్మమ్మ